సంఖ్య – సాక్ష్యం – పరిశోధకుడు

మన సమాజంలో స్థానిక చరిత్రలు రాయాలనే ఉత్సాహం పెరగడం హర్షించదగిన విషయం. ఊరి మస్జిదు ఎప్పుడు కట్టారు, దర్గాకు ఇనాము భూములు ఎవరిచ్చారు, ఫలానా వృత్తివారు ఏ కాలంలో ఎక్కడి నుంచి వచ్చి స్థిరపడ్డారు అనే సంగతులు సేకరించి చిన్న పుస్తకాలుగా తేవాలనుకొనే యువకులు గుంటూరు, పల్నాడు ప్రాంతాలలోనూ కనిపిస్తున్నారు. వీరి శ్రమను తక్కువ చేయరాదు. ఐతే ఇటువంటి రచనలు చదివేటప్పుడు ఒక విషయం మనసును కలవరపెడుతుంది. వాక్యంలోకి సంఖ్య రాగానే కలానికి కళ్లెం ఊడిపోతుంది. వేలాదిమంది ఇస్లాం స్వీకరించారు, నూటికి తొంభై కుటుంబాలు పేదరికంలో మగ్గుతున్నాయి, లక్ష సైన్యం తరలివచ్చింది – ఇలా రాసేస్తారు. ఎవరు లెక్కించారు? ఎప్పుడు? ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు, ఎవరిని వదిలారు? ఈ ప్రశ్నలకు పుస్తకంలో జవాబుండదు. హదీసుకు ఆధారం చూపనిదే ఊరుకోని మనమే సంఖ్య విషయంలో మాత్రం విన్నది విన్నట్టు ఒప్పుకుంటున్నాం.

పరిశోధకుడు శాస్త్రీయంగా, లెక్క ప్రకారం ఆలోచించడం ఎలా నేర్చుకుంటాడన్నదే ఈ వ్యాసానికి విషయం. ఇది గణితం బాగా వచ్చినవారికే చెందిన విద్య అని పాఠకులు భయపడనవసరం లేదు. సూత్రాలు తరువాత వస్తాయి. ముందు రావలసింది అనుమానించే అలవాటు. ఆ తరువాత ఆ అనుమానం ఎంత అన్నది కొలిచే అలవాటు. మొదటిది మనకు వారసత్వంగా ఉన్నది. రెండవదాన్ని ఇరవయ్యో శతాబ్దంలో ప్రపంచానికి నేర్పినవారిలో ఒక తెలుగువాడు అగ్రగణ్యుడు.

ముహద్దిసుల జల్లెడ

హదీసు విమర్శకులు ప్రతి వార్తను రెండుగా విడదీసి చూశారు. ఒకటి సనదు, అనగా వార్త ఎవరి నోటి నుంచి ఎవరి చెవికి చేరిందన్న పరంపర. రెండవది మత్ను, అనగా వార్తలోని విషయం. పరంపరలోని ప్రతి రావీ ఎంత సత్యసంధుడు, జ్ఞాపకశక్తి ఎలాంటిది, ఎక్కడ నివసించాడు, ఎవరిని కలిశాడు అనే వివరాలతో గ్రంథాలకు గ్రంథాలే వెలిశాయి. ఇద్దరు రావీలు సమకాలికులైతే చాలదు, ఒక్కసారైనా కలుసుకున్నట్టు రుజువుండాలని ఇమామ్ బుఖారీ (మరణం హి. 256, క్రీ.శ. 870) భావించారనీ, సమకాలికులై కలుసుకొనే అవకాశం ఉంటే చాలునని ఇమామ్ ముస్లిం (మరణం హి. 261, క్రీ.శ. 875) అన్నారనీ విద్వాంసులు చెబుతారు.

ఈ భేదంలో నేటి పరిశోధకుడు గమనించవలసిన విషయం ఒకటున్నది. జల్లెడ కన్నులు మరీ సన్నవైతే మంచి పిండి కూడా పైనే మిగిలిపోతుంది. పెద్దవైతే పొట్టు కూడా కిందికి దిగుతుంది. అనగా నిజమైన వార్తను తోసిపుచ్చే పొరపాటు ఒకటి, అబద్ధపు వార్తను అంగీకరించే పొరపాటు మరొకటి. ఉన్న ఆధారాలతోనే ఈ రెండింటినీ ఒకేసారి లేకుండా చేసే జల్లెడ లేదు. ఒకటి తగ్గితే మరొకటి పెరుగుతుంది. ఏ పొరపాటు వల్ల ఎక్కువ హాని అని ముందుగా ఆలోచించి, దాన్నిబట్టి కన్నుల సైజు నిర్ణయించుకోవాలి. సాంఖ్యక శాస్త్రంలో పరికల్పనలను పరీక్షించే సిద్ధాంతమంతా ఈ రెండు పొరపాట్ల చుట్టూనే తిరుగుతుంది.

మరొక సంగతి. అనేక పరంపరల ద్వారా చేరిన వార్తకు, అంతమంది కూడబలుక్కొని అబద్ధమాడడం అసాధ్యం కాబట్టి, ముతవాతిర్ అని పెద్ద హోదా ఇచ్చారు. ఇక్కడ బలం కేవలం సంఖ్యలో లేదు, ఆ పరంపరలు ఒకదానిపై ఒకటి ఆధారపడకపోవడంలో ఉన్నది. పదిమంది ఒకే వ్యక్తి నుంచి విని చెబితే అది ఒక సాక్ష్యమే. ఒక పాత గెజిటీరు నుంచి అయిదు పుస్తకాలు ఒకే వాక్యాన్ని ఎత్తి రాసుకుంటే, అయిదు ఆధారాలున్నాయని చెప్పుకోవడం ఆత్మవంచన.

ఇబ్నె ఖల్దూన్ (1332–1406) ఈ విమర్శను సనదు నుంచి మత్నుకు, అందులోనూ సంఖ్యకు మళ్లించాడు. హి. 779 (క్రీ.శ. 1377)లో రాసిన ముఖద్దిమా ప్రారంభంలోనే ఆయన ఒక ప్రసిద్ధ సంఖ్యను పరీక్షకు పెట్టాడు. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ఎడారిలో బనీ ఇస్రాయీల్ యోధులను లెక్కించగా ఆరు లక్షలకు పైగా తేలారని అల్ మస్ఊదీ మొదలైన చరిత్రకారులు రాశారు. అంత సైన్యాన్ని ఆనాటి ఈజిప్టు, సిరియా దేశాలు పోషించగలవా? అంతమంది బారులు తీరితే ఒక చివర ఏం జరుగుతున్నదో మరో చివరకు తెలుస్తుందా? ఎంతో పెద్దదైన పారశీక సామ్రాజ్యం ఖాదిసియ్యా యుద్ధానికి తెచ్చినది లక్షా ఇరవై వేలే కదా? పైగా యాకూబ్ (అలైహిస్సలాం) కుటుంబం ఈజిప్టు చేరేనాటికి డెబ్బై మంది; అక్కడి నుంచి మూసా (అలైహిస్సలాం) వరకు నాలుగు తరాలే.

ఈ చివరి వాదాన్ని పాఠకులు కాగితం మీద వేసి చూడవచ్చు. డెబ్బై మంది నాలుగు తరాలలో ఆరు లక్షలు కావాలంటే ప్రతి తరంలోనూ అంతకు ముందు తరానికి తొమ్మిదిన్నర రెట్లకు పైగా పెరగాలి. అదీ యుద్ధానికి పనికివచ్చే పురుషులను మాత్రమే లెక్కించి. ఏ దేశంలోనూ జనం అలా పెరగరు. ఇబ్నె ఖల్దూన్ ఇక్కడ ఏ రావీ గుణగణాలనూ విమర్శించలేదు. సంఖ్యను సంఖ్యతోనే నిలదీశాడు. సైన్యాలు, పన్నులు, ధనవంతుల ఆస్తుల సంగతి వచ్చేసరికి జనం అతిశయోక్తికి లోనవుతారనీ, దివానులోని అధికారులను అడిగితే అందులో పదోవంతు కూడా తేలదనీ ఆయన అభిప్రాయం. 1565 నాటి తళ్లికోట యుద్ధం గురించి లక్షల సైన్యాలు రాసిన తారీఖులను చదివేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

అరబ్బుల గూఢలిపి శాస్త్రాన్నీ ఒక్క మాటలో ప్రస్తావించాలి. అల్ కిందీ (మరణం సుమారు క్రీ.శ. 873) రహస్య లేఖలను ఛేదించడానికి భాషలో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో లెక్కించమన్నాడు. ఆయన రిసాలా ఇస్తాంబుల్‌లోని సులేమానియా గ్రంథాలయంలో దొరికింది. ఇబ్నె అద్‌లాన్ (1187–1268) మరో అడుగు ముందుకు వేసి, లేఖ మరీ చిన్నదైతే ఈ లెక్క పనిచేయదనీ, కనీసం తొంభై అక్షరాలైనా ఉండాలనీ చెప్పాడు. ఎంత నమూనా ఉంటే తీర్పు చెప్పవచ్చు అన్న ప్రశ్న పుట్టినదంటే శాస్త్రం పుట్టినట్టే.

విశాఖపట్నం నుంచి కలకత్తాకు

అనుమానం ఎంత అని కొలిచే విద్య మాత్రం ఆధునిక కాలంలో రూపుదిద్దుకున్నది. అందులో ప్రముఖులు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. సి.ఆర్. రావు అన్న పేరుతోనే ప్రపంచానికి తెలుసు. 1920 సెప్టెంబరు 10న, నేటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీలతో పాటు బడులూ మారాయి: గూడూరు, నూజివీడు, నందిగామ, చివరకు విశాఖపట్నం. నందిగామ మన పల్నాటికి కృష్ణ ఆవలి ఒడ్డు పొరుగే. తల్లి లక్ష్మీకాంతమ్మగారు రోజూ తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారట. తరువాతి కాలంలో ఆయన ఒక గ్రంథాన్ని ఈ విషయం చెప్పి ఆమెకే అంకితమిచ్చారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసిన ఈ యువకుడికి పరిశోధన అవకాశం దొరకలేదు. యుద్ధకాలం. సైన్యంలో గణితజ్ఞుని ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లగా, వయస్సు చాలదని అక్కడా ఇవ్వలేదు. బస చేసినచోట పరిచయమైన ఒక దక్షిణాది వ్యక్తి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నానని చెప్పాడు. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో నెలకొల్పిన సంస్థ అది. రావుగారు 1941 జనవరి 1న అందులో చేరారు. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం ఎం.ఏ. సాంఖ్యక శాస్త్రంలో ప్రథమ స్థానం పొందారు.

అక్కడ ఆయన నేర్చినదేమిటన్నది మనకు ముఖ్యం. మహలనోబిస్ సంస్థలో పాఠ్యపుస్తకం కంటే పొలం ముందు. బెంగాలులో జనుము పంట ఎన్ని ఎకరాలలో ఉన్నదో తెలుసుకోవడానికి ప్రతి పొలానికీ వెళ్లకుండా, చీట్లు తీసినట్టు ఎంపికచేసిన కొన్ని చోట్ల మాత్రమే కొలిచి మొత్తాన్ని అంచనా వేసే సర్వేలు 1937 నుంచి సాగుతున్నాయి. మహలనోబిస్ వీటిలో ఒక చక్కని పద్ధతి ప్రవేశపెట్టాడు. ఒకే ప్రాంతంలో రెండు వేర్వేరు నమూనాలు తీయించి, సంబంధం లేని రెండు బృందాలను పంపేవాడు. రెండు లెక్కలు దగ్గరగా వస్తే నమ్మకం. దూరంగా వస్తే ఎక్కడో ఎవరో తప్పుచేశారన్నమాట. పైన ముతవాతిర్ గురించి చెప్పిన మాటతో దీన్ని పోల్చి చూడండి.

1941లో సంయుక్త రాష్ట్రాలలో (నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) వివిధ కులాల, తెగల శరీర కొలతలు సేకరించిన సర్వేను విశ్లేషించే పని రావుగారికి పడింది. మహలనోబిస్, డి.ఎన్. మజుందార్, రావుగార్ల పేర్లతో అది 1949లో వెలువడింది. కొలతల పట్టికలు చేతికి రాగానే సగటులు కట్టడం కాదు, ఆ అంకెలకు సాక్షికి వేసినట్టు అడ్డుప్రశ్నలు వేయాలన్నది ఆయన జీవితమంతా చెప్పిన పాఠం. ఎముక పొడవులో అంకె తారుమారైందా? ఒకే కొలిచేవాడి చేతిలో అందరూ పొడుగైపోయారా? మన జనాభా లెక్కల్లో వయస్సుల పట్టిక చూడండి. నలభై, నలభై అయిదు, యాభై వయస్సువారు విపరీతంగా, నలభై ఒకటి, నలభై తొమ్మిదివారు అతి తక్కువగా కనిపిస్తారు. అల్లాహ్ అలా పుట్టించలేదు. అడిగినవాడు, చెప్పినవాడు కలిసి గుండ్రని అంకెకు సర్దారు.

1944లో జరిగిన ఒక సంఘటన సాంఖ్యక శాస్త్ర చరిత్రలో ప్రసిద్ధం. రావుగారు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతూ, చాలా పెద్ద నమూనాల విషయంలో రోనాల్డ్ ఫిషర్ చెప్పిన ఒక ఫలితాన్ని వివరించారు. వి.ఎం. దాండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న నమూనాలకు దీన్ని ఎందుకు రుజువు చేయకూడదని అడిగాడు. ఈ దాండేకరే తరువాత భారతదేశంలో పేదరికంపై పరిశోధనతో పేరుపొందిన ఆర్థికవేత్త. ఆ రాత్రి రావుగారు రుజువు సాధించారు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో అచ్చైన ఆ వ్యాసంలోని ఫలితానికి, స్వతంత్రంగా అదే చెప్పిన స్వీడన్ గణితజ్ఞుని పేరు కూడా చేర్చి క్రామెర్–రావు అవధి అంటున్నారు. అప్పటికి ఆయన వయస్సు పాతికేళ్లు.

సూత్రం జోలికి పోకుండా దాని సారం చెప్పవచ్చు. మన వద్ద ఉన్న దత్తాంశంలో ఇంత సమాచారం మాత్రమే ఉన్నది. నిష్పక్షపాతంగా అంచనావేసే ఏ పద్ధతైనా, ఎంత తెలివైనదైనా, ఆ సమాచారం అనుమతించినంత కంటే ఎక్కువ కచ్చితత్వాన్ని ఇవ్వలేదు. బావిలో ఉన్నన్ని నీళ్లే చేదకు వస్తాయి. నలుగురు ముసలివారిని అడిగి తాలూకా మొత్తం చరిత్ర తేల్చి చెప్పేవారికి ఈ సిద్ధాంతం ఒక హద్దు గీస్తుంది. అలాగని చేతులు ముడుచుకు కూర్చోమని అది చెప్పదు. మనకు తెలిసినది అసంపూర్ణమే కావచ్చు; ఎంత అసంపూర్ణమో కూడా తెలిస్తే దానితో పని జరుపుకోవచ్చునన్నది రావుగారి దృష్టి.

1946లో ఆయన కేంబ్రిడ్జి వెళ్లినది కూడా ఒక చరిత్ర సమస్య కోసమే. సూడాన్‌లోని జెబెల్ మోయాలో హెన్రీ వెల్కమ్ తవ్వించిన పురాతన సమాధుల ఎముకలు అక్కడి మానవశాస్త్ర మ్యూజియంలో ఉన్నాయి. ఆ జనం ఏ జాతులకు దగ్గరివారో మహలనోబిస్ రూపొందించిన దూరపు కొలమానంతో తేల్చాలి. పగలు ఎముకల పని చేస్తూనే ఫిషర్ వద్ద పరిశోధనకు చేరారు. ఫిషర్ ఒక షరతు పెట్టాడు: తన ప్రయోగశాలలో ఎలుకల పెంపకం, జన్యు ప్రయోగాలు కూడా చేయాలి. గణితంలో అప్పటికే పేరు తెచ్చుకున్నవాడిని ఎలుకల బోనుల వద్ద నిలబెట్టడం వింతగా తోచవచ్చు. అంకె పుట్టే చోటు చూడనివాడికి అంకె విలువ తెలియదని నేననుకుంటాను. 1948లో డాక్టరేటు పొంది ఆయన కలకత్తాకు తిరిగివచ్చారు. 1979లో అమెరికా వెళ్లారు. 1945 నాటి వ్యాసం మొదలైన కృషికి 2023లో అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి లభించింది. అదే సంవత్సరం ఆగస్టు 22న, 102 ఏళ్ల వయస్సులో మరణించారు.

ఉప్పు సాక్ష్యం

రావుగారు 1987లో రామానుజన్ స్మారకోపన్యాసాలు ఇచ్చారు. అవి 1989లో సాంఖ్యక శాస్త్రం, సత్యం అనే అర్థం వచ్చే పేరుతో ఆంగ్లంలో గ్రంథమయ్యాయి. అందులోని ఒక వృత్తాంతం ప్రతి ముస్లిం పాఠకుడూ తెలుసుకోదగినది.

1947లో ఢిల్లీ అల్లర్లలో ప్రాణభయంతో అల్పసంఖ్యాకవర్గం వారు పెద్ద సంఖ్యలో ఎర్రకోటలోనూ, కొద్దిమంది హుమాయూన్ సమాధి ఆవరణలోనూ తలదాచుకున్నారని ఆయన రాశారు. (ఆ సెప్టెంబరు నెల వృత్తాంతాలలో ముస్లిం శరణార్థుల పెద్ద శిబిరాలుగా పురానా ఖిల్లా, హుమాయూన్ సమాధి పేర్లే వినవస్తాయి. చరిత్రకారుడు ఈ భేదాన్ని గుర్తించాలి. పద్ధతి విషయంలో మాత్రం దీనివల్ల తేడా రాదు.) వారికి అన్నం పెట్టే బాధ్యత ప్రభుత్వానిది. పనిని కాంట్రాక్టర్లకు అప్పగించారు. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు కనుక కాంట్రాక్టర్లు చెప్పిన లెక్కకల్లా డబ్బు చెల్లించవలసి వచ్చింది. ఖర్చు విపరీతంగా కనిపించడంతో సాంఖ్యక నిపుణులను పిలిపించారు. వారు మెజారిటీ వర్గానికి చెందినవారు కావడంతో లోపలికి వెళ్లి లెక్కించే వీలు లేదు. చేతికి వచ్చినవి కాంట్రాక్టర్ల బిల్లులు మాత్రమే.

బిల్లుల్లో బియ్యం, పప్పు, ఉప్పు విడివిడిగా ఉన్నాయి. ఒక మనిషికి రోజుకు ఏది ఎంత పడుతుందో భోజన సర్వేల ద్వారా తెలుసు. మొత్తాన్ని తలసరితో భాగిస్తే ఒకే జనసంఖ్యకు మూడు అంచనాలు వస్తాయి. మాట వరసకు మనం కొన్ని అంకెలు ఊహించుకుందాం. మనిషికి అరకిలో బియ్యం, అరవై గ్రాముల పప్పు, పదిహేను గ్రాముల ఉప్పు. బిల్లులో పదివేల కిలోల బియ్యం ఉంటే ఇరవై వేలమంది ఉన్నట్టు. తొమ్మిది వందల కిలోల పప్పు ఉంటే పదిహేను వేలమంది. నూటయాభై కిలోల ఉప్పు ఉంటే పదివేలమంది. నిజంగానూ అలాగే బియ్యం ఇచ్చిన అంచనా అన్నిటికంటే పెద్దదిగా, ఉప్పు ఇచ్చినది అన్నిటికంటే చిన్నదిగా తేలింది.

ఎవరిని నమ్మాలి? మూడింటి సగటు కడితే సరిపోతుందని తొందరపడేవారుంటారు. అది అబద్ధానికి మూడింట రెండు వంతుల వాటా ఇచ్చినట్టవుతుంది. బియ్యం ఖరీదైన సరుకు. దాని లెక్క పెంచితే లాభం ఉన్నది. ఉప్పు అతి చౌక. పెంచినా మిగిలేదేమీ లేదు. స్వప్రయోజనం ఉన్నవాడి షహాదత్‌ను ఖాజీ ఎందుకు పక్కన పెడతాడో అందుకే నిపుణులు బియ్యాన్ని పక్కనపెట్టి ఉప్పును నమ్మారు. ఈ ఆలోచన జె.ఎం. సేన్‌గుప్తాదని రావుగారు పేర్కొన్నారు. అంతటితోనూ ఆగలేదు. చిన్న శిబిరమైన హుమాయూన్ సమాధిలోని జనసంఖ్య మరో మార్గంలో అంచనా వేయబడింది. ఉప్పు లెక్క దానికి దగ్గరగా వచ్చింది. ఈ చివరి మెట్టు లేకుంటే మిగిలినదంతా చమత్కారంగానే నిలిచేది.

అదే గ్రంథంలో రావుగారు సమాచార సేకరణకు పాత నిదర్శనాలు చెబుతూ అబుల్ ఫజల్ ఐనె అక్బరీని ప్రస్తావించారు. 1590 దశకంలో తయారైన ఆ గ్రంథంలో ఏటా సాగయ్యే పోలజ్ భూమికి మంచి, నడిమి, చౌడు అని మూడు తరగతులు చేసి, బిఘాకు దిగుబడి ఇచ్చారు. గోధుమకు వరుసగా 18 మణుగులు, 12 మణుగులు, 8 మణుగుల 35 సేర్లు. మూడింటినీ కూడి మూడుతో భాగించి సుమారు 13 మణుగులు సగటు దిగుబడి అన్నారు. అందులో మూడోవంతు, అనగా 4 మణుగుల 12 సేర్లకు పైగా, సర్కారు పాలు. ఎంత క్రమబద్ధమైన పాలన అని మనం గర్వపడతాం, గర్వపడదగినదే. కాని పరిశోధకుడు ఇంకో ప్రశ్న వేయాలి. మూడు తరగతుల భూమీ సమానంగా ఉంటేనే కదా ఈ సగటు నిజమయ్యేది? ఒక గ్రామంలో పది బిఘాలకు ఒకటి మంచిది, రెండు నడిమివి, ఏడు చౌడు అనుకుందాం. అప్పుడు నిజమైన సగటు 10 మణుగుల 16 సేర్ల వద్ద ఆగిపోతుంది. పట్టికలోని సగటు ప్రకారమే శిస్తు కట్టిన రైతు మూడోవంతు కాదు, అయిదింట రెండువంతులకు మించి ఇచ్చుకున్నట్టు. సగటు అనేది అమాయకమైన అంకె కాదు.

సగటు వెనుక జనం

మన కాలంలో ఇదే ప్రశ్న జస్టిస్ రాజేందర్ సచార్ కమిటీ నివేదిక చదివేటప్పుడు ఎదురవుతుంది. 2005 మార్చిలో నియమితమైన ఆ కమిటీ 2006 నవంబరులో నివేదిక ఇచ్చింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశ అక్షరాస్యత నూటికి 65.1 కాగా ముస్లింలలో 59.1 అని అందరూ ఉటంకించారు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాలలో ముస్లింల అక్షరాస్యత రాష్ట్ర సగటు కంటే ఎక్కువగా ఉన్నదన్న సంగతిని మాత్రం మనవారు చాలామంది చెప్పకుండా దాటవేశారు. ఇది సరికాదు. మనకు అనుకూలం కాని అంకెను దాచినవాడు, అనుకూలమైనదాన్ని చెప్పినప్పుడు కూడా నమ్మకం కోల్పోతాడు. దాచనవసరమూ లేదు. ఆ అంకెకు వివరణ ఉన్నది.

ముస్లింలలో పట్టణవాసుల పాలు ఎక్కువ. దేశంలో 2001లో మొత్తం జనాభాలో పట్టణవాసులు నూటికి 27.8 ఉండగా ముస్లింలలో 35.7 మంది. హైదరాబాదు నగరమున్న మన రాష్ట్రంలో ఆ తేడా మరీ ఎక్కువ. ఊహాజనితమైన అంకెలతో ఒక లెక్క చూద్దాం. పట్టణంలో ఇతరుల అక్షరాస్యత 75, ముస్లింలది 70. పల్లెలో ఇతరులది 55, ముస్లింలది 50. రెండుచోట్లా ముస్లింలు అయిదు వెనుకే ఉన్నారు. ఐతే ముస్లింలలో నూటికి అరవై మంది, ఇతరులలో నూటికి పాతిక మంది పట్టణవాసులైతే మొత్తం సగటు ముస్లింలకు 62, ఇతరులకు 60 అవుతుంది. ప్రతి చోటా వెనుకబడినవారు మొత్తంలో ముందున్నట్టు కనిపిస్తారు. ఈ మెలిక తెలియనివాడు ఆ అంకె చూసి వీరికి సహాయం అక్కరలేదని చెప్పగలడు, నిజాయితీగానే చెప్పగలడు.

ఇదేదో పండితుల వినోదం కాదు. 2007లో ముస్లింలలోని కొన్ని వర్గాలకు బి.సి. – ఇ కింద నూటికి నాలుగు రిజర్వేషన్ కల్పించిన చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టివేసినప్పుడు, వెనుకబాటుతనాన్ని తేల్చడానికి జరిగిన సర్వే ఎంత శాస్త్రీయమన్నది కూడా న్యాయస్థానంలో ప్రశ్నకు గురైంది. ఆ ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో రిజర్వేషన్ కొనసాగింది. నమూనా ఎలా తీశారన్న ప్రశ్న మీద విద్యార్థుల సీట్లు ఆధారపడిన సందర్భం అది.

ఇక మన ఇంటి ముంగిటికి వద్దాం. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపొందిన పట్టణం. బట్టీ కూలీలకు దుమ్మువల్ల ఊపిరితిత్తుల జబ్బు ఎంతగా వస్తున్నదో తెలుసుకోవాలని ఒక యువ పరిశోధకుడు బయలుదేరాడనుకోండి. ఆసుపత్రి ముందు నిలబడి అడిగితే అందరికీ దగ్గు ఉంటుంది. జబ్బు ఉన్నవారే కదా అక్కడికి వచ్చేది. ఆ తప్పు చాలామందికి తట్టుతుంది. సరే, బట్టీ వద్దకే పోయి అక్కడ పనిచేస్తున్న ప్రతి ఒక్కరినీ పరీక్షించాడు. ఇప్పుడు జబ్బు తక్కువగా తేలింది. దుమ్ము ప్రమాదకరం కాదని రాయవచ్చునా? రాయరాదు. ఊపిరి ఆడనివాడు పని మానేసి ఇంట్లో మంచం మీద ఉన్నాడు, లేదా ఊరు వెళ్లిపోయాడు, లేదా ఖబ్రస్తాన్‌లో ఉన్నాడు. బట్టీ వద్ద మిగిలినవారు తట్టుకొని నిలిచినవారే. అందువల్ల పదేళ్ల కిందట పనిచేసినవారి పేర్లు సంపాదించి, ఒక్కొక్కరూ ఏమయ్యారో ఇంటింటికీ వెళ్లి వెదకాలి. దొరకనివారి సంఖ్యను కూడా పుస్తకంలో రాయాలి. పని కష్టం, ఫలితం ఆలస్యం. అది తప్ప దగ్గరిదారి లేదు.

పట్టణ ముస్లింల స్థితిగతులపై సర్వే చేసేవారికీ ఇటువంటి గోతులే. జుమా నమాజు తరువాత మస్జిదు ముందు ఫారాలు పంచితే స్త్రీలు రారు, లారీ మీద పోయినవారు రారు, అసలు నమాజుకే రానివారు రారు. ఓటర్ల జాబితాలో పేర్లు చూసి ముస్లింలను ఏరితే మరో చిక్కు. పల్నాటి పల్లెల్లోని దూదేకుల కుటుంబాలలో తెలుగే ఇంటి భాష. పేర్లు కూడా పలుచోట్ల చుట్టుపక్కలవారి పేర్లలాగే ఉంటాయి. పేరు చూసి ఏరేవాడి జల్లెడలో వారు నిలవరు. అందరికంటే పేదవారే లెక్క తప్పిపోయే ప్రమాదం ఉన్నది.

ఈ చిక్కు ఇప్పుడు మరింత దగ్గరికి వచ్చింది. 1931 తరువాత అన్ని కులాలనూ లెక్కించడం మానుకున్న జనాభా లెక్కల్లో, 2025 జూన్‌లో వెలువడిన ప్రకటన ప్రకారం 2027 గణనకు కుల వివరాలు కూడా చేరాయి. రాష్ట్ర వెనుకబడిన తరగతుల జాబితాలో దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అనే నాలుగు పేర్లూ బి.సి. – బి కింద ఒకే పద్దులో ఉన్నాయి. గణకుడు తలుపు తట్టినప్పుడు అన్న నూర్‌బాషా అని, తమ్ముడు పింజారి అని, పట్నంలో చదువుకున్న మేనల్లుడు షేక్ అని చెప్పవచ్చు. మొదటి ఇద్దరిని తరువాత ఒకే పద్దులోకి కలపవచ్చు. మూడోవాడు బి.సి. – ఇ పద్దులోకి పోతాడు. అతన్ని వెనక్కి తెచ్చే పట్టిక ఉండదు. ఒక్కో వీధిలో ఏ ఇంటివారు ఏ పేరు చెప్పుకుంటున్నారో, పాత దస్తావేజుల్లో ఏ పేరు ఉన్నదో పిడుగురాళ్లలోనైనా, గురజాలలోనైనా రెండు వేర్వేరు బృందాలు విడివిడిగా రాసిపెట్టుకుంటే, అచ్చైన అంకెలు వచ్చిననాడు వాటిని పక్కన పెట్టి చూసుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.